కొండ కనిపించని పలక

కొండలకు ఇవతల ఒక రాజు ఉండేవాడు. అవతల ఆరేడు ఊళ్లు ఉండేవి. రాజు ఆ ఊళ్లను చూసింది లేదు, ఆ ఊళ్లు రాజును చూసింది లేదు. రెంటికీ మధ్య తిరిగేది ఒక చిన్న విమానం ఒక్కటే.

అందులో ఇద్దరు కూర్చోవచ్చు, వెనక ఒక మందుల పెట్టె పెట్టుకోవచ్చు. పాము కరిచిన వాళ్లకు మందు వెళ్లాలన్నా, కాన్పు కష్టమైన ఇంటికి మంత్రసాని వెళ్లాలన్నా ఆ విమానమే దిక్కు. దాన్ని నడిపే ఆవిడకు కన్నవాళ్లు పెట్టిన పేరేదో ఉండే ఉంటుంది. అవతలి ఊళ్లవాళ్లు మాత్రం విమానమ్మ అనేవాళ్లు. ఆ పేరే నిలిచిపోయింది.

ఆమెకు ముందు ఆ విమానం నడిపినవాడు ఆమె అన్న. కొండల్లో మబ్బు దిగిందంటే కంటికి దారి ఆనదు. అప్పుడు ఒళ్లో ఒక అద్దపు పలక పెట్టుకుని, అది చెప్పినట్టు పోవాలి. పలకలో పటం ఉంటుంది. పటంలో కొండలుంటాయి. విమానం ఉన్న చోట ఒక చుక్క కదులుతూ ఉంటుంది. పట్నంవాళ్లు ఆ పలకను ట్యాబ్ అంటారు, లోపలి పటాన్ని యాప్ అంటారు. పేరేదైతేనేం, చుక్క నిజం చెప్పాలి. అన్న ఒళ్లోని పలక ఒక వేసవిలో ఎండకు కాగిపోయి, సరిగ్గా కొండ దగ్గరికి వచ్చేసరికి కళ్లు మూసుకుంది. అన్న మబ్బులో కొండకు తగిలాడు.

ఆ పలకను ఎంచి కొన్నదెవరని అడగాల్సింది పోయి, కోటలో విచారణ జరిపారు. కొండ అడ్డం వచ్చిందని తేల్చారు.

కొండ అడ్డం వచ్చిందట! అన్న ఇంట్లో వదిలి వెళ్లిన ఉన్ని టోపీని విమానమ్మ దేవుడి గూట్లో పెట్టుకుంది. రోజూ దీపం వెలిగించేటప్పుడు ఆ తీర్పు లోపల రగిలేది. దీపం కొండెక్కేది గాని, ఆ రగులు ఆరేది కాదు.

కొన్నాళ్లకు కొత్త పలక ఎంచడానికి రాజు సభ పెట్టాడు. పిలవకపోయినా విమానమ్మ వెళ్లి స్తంభం పక్కన నిలబడింది.

మొదట పట్నం వర్తకుడు వచ్చాడు. పట్టుగుడ్డ తీసి, తాంబాళమంత పలక ఒకటి బయటపెట్టాడు. అంచులు బంగారం, ముఖం నీళ్లలా మెరుపు. వేలు తగలగానే తియ్యని గొంతుతో పలికింది.

"జయం ప్రభూ! తమరు కోటలో ఉన్నారు."

సభ సభంతా పులకించిపోయింది. "ఆహా, ఎంత ఖచ్చితంగా చెప్పింది!" అన్నాడు మంత్రి.

"కోటలో ఉన్నామని మనకు తెలియదా అయ్యా?" అంది విమానమ్మ. "అయినా దానికి ఆ సంగతి ఎవరు చెప్పారు?"

వర్తకుడు నవ్వాడు. "బురుజు మీద సిగ్నల్ స్తంభం ఉంది కదమ్మా. అది చెబుతుంది, ఇది పలుకుతుంది."

"కొండల్లో స్తంభాలు లేవు కదయ్యా."

"అక్కడ ఎవరున్నారని స్తంభాలు పాతడానికి?" అన్నాడు మంత్రి. సభలో నవ్వులు లేచాయి.

విమానమ్మ చెంపలు వేడెక్కాయి. ఆ ఊళ్లలో తాను నీళ్లు తాగిన ఇళ్లన్నీ కళ్లముందు తిరిగాయి. గొంతు మాత్రం పెంచలేదు. "మనుషులున్నారయ్యా," అంది.

తర్వాత కొండల అవతలి నుంచి ఆ విమానంలోనే వచ్చిన ఒక ముసలాయన తన పలక చూపించాడు. జానెడు మించని పలక. ముఖం మబ్బురంగు, మెరుపన్నది లేదు. వేలు తగిలితే ఏమీ పలకలేదు. పటం మాత్రం విప్పింది.

"దీనికి మాటలు రావా?" అన్నాడు మంత్రి.

"రావు బాబూ. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలను తనే అడిగి, తానెక్కడుందో తెలుసుకుంటుంది. పటమంతా కడుపులో దాచుకుంటుంది. ఎండలో కూడా కనబడుతుంది."

"చూడ్డానికి అట్లకాడలా ఉంది!" అన్నారెవరో. మళ్లీ నవ్వులు.

విమానమ్మ ముందుకు వచ్చి బంగారు పలకను రెండు చేతులతో ఎత్తి చూసింది. "అయ్యా, ఇది ఒళ్లో పెట్టుకుంటే విమానం తిప్పే కర్ర కదలడానికి చోటుండదు. మెరుపు ముఖానికి ఎండ తగిలితే పటం కనబడదు."

"ఎండైతే ఎవరిచేతనైనా గొడుగు పట్టించుకో అమ్మా," అన్నాడు మంత్రి.

"మీలో ఒక్కరైనా ఆ విమానం ఎక్కారా?"

"పెళ్లి చేయించాలంటే పురోహితుడు పెళ్లికొడుకు కావాలా ఏమిటి?"

అప్పుడు విమానమ్మ మెల్లగానే అన్నది గాని, సభ చివరిదాకా వినబడింది. "ముహూర్తం తప్పితే పురోహితుడికి సంభావన తగ్గుతుందయ్యా, అంతే. ఇక్కడ తప్పినందుకు మా అన్న ఎముక కూడా దొరకలేదు."

నవ్వులు ఆగాయి. ఆమె రాజు వైపు తిరిగి చేతులు జోడించింది. "ప్రభూ, రేపు మందులు తీసుకుపోవాలి. నా పక్కన ఒక చోటుంది. రెండు పలకలూ తీసుకుని తమరే రండి. కళ్లారా చూశాక ఏది చెబితే అది."

రాజుకు విమానంలో తన చిత్రపటం గీయిస్తే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. వస్తానన్నాడు.

మర్నాడు విమానమ్మ రెక్కకు పసుపు బొట్టు పెట్టి, తల్లీ నీదే భారం అని మొక్కి, మబ్బురంగు పలకను తొడకు పట్టీతో కట్టుకుంది. రాజు బంగారు పలకను ఒళ్లో పెట్టుకున్నాడు. అతని మోచేతుల్లో ఒకటి గోడకు, ఇంకొకటి పక్క సీటు అంచుకు ఒత్తుకున్నాయి.

పైకి లేచేసరికి ఎండ అద్దంలోంచి నేరుగా పడింది. రాజు పలకలోకి చూశాడు. పటం లేదు. కిరీటం, మీసం, నుదుటి తిలకం చక్కగా కనిపించాయి. మీసం సవరించుకున్నాడు.

కొండల్లోకి రాగానే మబ్బు దిగింది. కిటికీల బయట తెల్లగా, బూడిదగా, ఏమీ లేకుండా అయింది. విమానం ఒక్కసారి కిందికి జారి పైకి లేచింది. రాజు సీటు పట్టుకున్నాడు.

"ఎక్కడున్నాం?" అన్నాడు.

"జయం ప్రభూ! తమరు కోటలో ఉన్నారు," అంది బంగారు పలక.

"ఇటు చూడండి ప్రభూ," అంది విమానమ్మ తన తొడ వైపు చూపిస్తూ. మబ్బురంగు పలకలో ఎర్రని కొండ, దాని ముందు చిన్న చుక్క. చుక్క కొండ మీదికే పోతోంది. విమానమ్మ కర్ర మెల్లగా తిప్పింది. చుక్క పక్కకు ఒరిగి, రెండు కొండల సందులోకి జారింది. మబ్బు కాస్త చిరిగిన చోట రెక్క పక్కనే నల్లని రాయి కనబడి వెనక్కి పోయింది. అన్న పోయిన చోటు అదే. ఆమె పెదవులు కదిలాయి. రాజు కళ్లు మూసుకున్నాడు.

అవతల దిగేసరికి ఒక తల్లి జ్వరంతో కాగే బిడ్డను భుజాన వేసుకుని గట్టు మీదే నిలబడి ఉంది. "వచ్చావా విమానమ్మా! మబ్బు చూసి ఇక రావేమో అనుకున్నా," అంది. విమానమ్మ మందు ఇచ్చింది. రాజు విమానం దిగలేదు.

తిరిగొచ్చిన ఆ సాయంత్రమే సభ కూడింది. "ప్రభువుల నిర్ణయం?" అన్నాడు మంత్రి.

విమానమ్మ స్తంభం పక్కన నిలబడింది. ఇక మీదట తన ఒళ్లో ఏది ఉండాలో, గట్టు మీది తల్లులు ఎదురుచూసే విమానం వస్తుందో రాదో ఆ ఒక్క మాటలో ఉంది.

"బంగారు పలక," అన్నాడు రాజు.

"ప్రభూ!" అంది విమానమ్మ. "అందులో కొండ కనబడలేదు కదా!"

"కనబడలేదు. నాకు నచ్చింది అదే. ఆ రెండోదానిలోకి చూస్తే గుండె ఆగినంత పనైంది. ఇందులో భయం లేదు. నేను ఉన్నాను."

సభ చప్పట్లు కొట్టింది. వర్తకుడు వంగి దండం పెట్టి, బంగారు పలకను తెచ్చి విమానమ్మ చేతుల్లో పెట్టాడు.

ఆమె దాన్ని పట్టుకుని రాజు వైపు తిరిగింది. "ఒక్క మనవి ప్రభూ. నా విచారణ కూడా ఇప్పుడే జరిపించండి. కొండ అడ్డం వచ్చిందని ముందే తేల్చేస్తే, తర్వాత ఈ పెద్దలకు శ్రమ ఉండదు."

మంత్రి తన ఉంగరం వైపు చూసుకున్నాడు.

విమానమ్మ సింహాసనం మెట్లెక్కింది. బంగారు పలకను రాజు ఒళ్లో పదిలంగా, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టింది. "ఇది తమ దగ్గరే ఉండనివ్వండి ప్రభూ. ఇక్కడైతే అబద్ధం చెప్పదు," అంది.

రాజు వేలు దానికి తగిలింది.

"జయం ప్రభూ! తమరు కోటలో ఉన్నారు."

చప్పట్లు మళ్లీ మొదలయ్యాయి. ఆ సందట్లో విమానమ్మ వెనుదిరిగింది. మబ్బురంగు పలక ఆమె చీర మడతల కింద తొడకు కట్టి అలాగే ఉంది. దాని మీద ఎవరికీ ఆశ లేదు గనక, విప్పి ఇమ్మని ఎవరూ అడగలేదు. గుమ్మం దగ్గర ముసలాయన ఆ పట్టీ అంచు చూశాడు. పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

ఆమె కోట మెట్లు దిగి తలెత్తి చూసింది. వెనక చప్పట్లు ఇంకా ఆగలేదు. ఎదురుగా కొండ ఉంది, ఎప్పుడూ ఉన్న చోటనే.