అసిరీ, గెడ దించకు

అనగనగా ఒక ఏరు. ఏడాదిలో మూడొందల అరవై రోజులు ఆ ఏట్లో నీళ్లుండవు. మిగిలిన అయిదు రోజులే భయం. ఆ అయిదు రోజులు ఎప్పుడొస్తాయో ఏటికి తప్ప ఎవరికీ తెలీదు.

ఆ ఏటి మధ్యలో ఒక ఇసకదిబ్బ. దిబ్బ మీద ఇసకలమ్మ గద్దె. మూడేళ్లకొకసారి, ఎండాకాలంలో, అక్కడ అమ్మ పండగ. చుట్టుపక్కల పన్నెండు ఊళ్లు ఏట్లోకి దిగేవి. ఊరికి రెండొందల యాభై మంది అనుకున్నా మూడు వేల మంది.

ఇది ఎన్నేళ్ల కిందటి మాటో నాకు చెప్పినవాళ్లకే తెలీదు. తీగ ఉన్న మైకు పాతబడి, తీగ లేని మైకు కొత్తగా వస్తున్న రోజులని మాత్రం చెప్పారు.

ఆ ఊళ్లలో కూర్మయ్య అని ఒక మైకుసెట్టు మనిషి ఉండేవాడు. అందరి గొంతులూ పెద్దవి చేసేవాడు. అతని గొంతు మాత్రం పీల. పక్కన కూర్చున్నవాడికి కూడా ఒక మాట రెండుసార్లు చెప్పాలి. పైగా పిరికి. అతనికి మూడు భయాలు. నీళ్లంటే భయం. కోపంగా మాట్లాడేవాళ్లంటే భయం. అన్నిటికన్నా ఎక్కువ, నడిమధ్యలో మైకు మూగబోతే వచ్చే నిశ్శబ్దమంటే భయం.

ఆ భయం వల్లే ఎక్కడికెళ్లినా మైకు పట్టుకుని, తీగ లాక్కుంటూ, అంగలు లెక్కపెడుతూ నడిచేవాడు. ప్రతి వంద అంగలకీ ఆగేవాడు.

"ఒకటి, రెండు, మూడు. ఇనిపిస్తందా?"

మైకుసెట్టు పెట్టె దగ్గర అతని భార్య అసిరమ్మ తెల్లగుడ్డ ఊపేది. హారన్లలో తన మాట తనకీ వినపడేది. అయినా తన చెవిని తాను నమ్మేవాడు కాదు. గుడ్డ ఊగితేనే ముందుకి నడిచేవాడు.

పిల్లలు వెనక నడుస్తూ "ఇనిపిస్తందా, ఇనిపిస్తందా" అని వెక్కిరించేవాళ్లు.

ఆ ఏడు పండగకి కూర్మయ్య పట్నం నుంచి తీగ లేని మైకు తెచ్చాడు. ఎందుకంటే, అమ్మ ఘటం బయల్దేరేది దిబ్బ మీద నుంచి కాదు. ఎగువన మూడొందల అంగల దూరంలో, పడమటి గట్టు మీద, నల్లబండ ఉంది. అక్కణ్ణుంచి. ఘటం ముందు జముకు వాయిస్తూ కథ చెప్పే బంగారమ్మ పాడుకుంటూ దిబ్బ దాకా రావాలి. తీగ వేస్తే జనం తొక్కేసేవాళ్లు, మేకలు కొరికేసేవి.

పొద్దున్నే కూర్మయ్య దిబ్బ మీద పెట్టె పెట్టాడు. దానికి లారీ బ్యాటరీ తగిలించాడు. రాటల మీద ఎనిమిది హారన్లు కట్టాడు. మైకు మాటని గాల్లోంచి అందుకోవడానికి పెట్టెకి రెండు పుల్లలు ఉండేవి. ఊళ్లోవాళ్లు వాటిని పెట్టె చెవులనేవాళ్లు. చెవులు నిలబెట్టి, మైకు పట్టుకుని నడిచాడు.

వంద అంగలు. "ఒకటి, రెండు, మూడు. ఇనిపిస్తందా?" గుడ్డ ఊగింది.

రెండొందల అంగలు. గుడ్డ ఊగింది.

మూడొందల అంగలు, నల్లబండ పైన. గుడ్డ ఊగింది.

అప్పుడు పండగ పెద్ద సన్యాసినాయుడు అమ్మ జెండా ఎత్తించాడు. మధ్యాహ్నానికి దిబ్బ నిండింది. ఇసక కనపడలేదు, తలలే కనపడ్డాయి. కూర్మయ్య మళ్లీ మైకు పట్టుకుని బయల్దేరాడు.

"మళ్లీ ఏటిరా?" అన్నాడు నాయుడు. "పొద్దున్న బాగానే ఉందన్నావు కదా."

"పొద్దున్న ఇసక కాళీ బాబూ. నిండిన మీద సూడాల."

వంద అంగలు. గుడ్డ ఊగింది. రెండొందల అంగలు. హారన్లలో గరగర. మూడొందల అంగలు. ఏమీ లేదు. హారన్లు లేవు, గుడ్డ లేదు. ఎనిమిది నోళ్లూ తెరుచుకుని చచ్చిన చేపల్లా ఉన్నాయి.

కూర్మయ్య పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"నాయుడుబాబూ, పెట్టె చెవులు జనంలో మునిగిపోయేయి. మనిషి ఒంట్లో నీరుంటాది. ఆ నీరు మాటని తాగేస్తంది. తలల కన్నా ఎత్తుకి చెవులు లేపాల. రెండు ఎదుళ్లు కలిపి ఒక గెడ పాతనియ్యండి."

నాయుడి మొహం నల్లబడింది. "జెండా ఎత్తేక ఇసకలో కొత్త గెడ పాతకూడదని నీకు తెల్దేటి? అమ్మకి పోటీ నిలబెడతావా?"

కూర్మయ్య వెనక్కి తగ్గాడు. కానీ మూగబోయిన హారన్లు గుర్తొచ్చి మళ్లీ ముందుకొచ్చాడు. "పాతను బాబూ. పట్టుకుంటే?"

"పట్టుకో. ఎంతసేపు పట్టుకుంటావో సూస్తాను."

పట్టుకోవడానికి రెండు వెదుళ్ల గెడ బరువు. ఒక్క వెదురే తీశాడు. కొనకి పెట్టె చెవులు కట్టి, వాటి తీగ పెట్టెలోకి దింపాడు. అసిరమ్మ దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. గుడ్డ కూడా కొనకే కట్టింది. ఇప్పుడు రెండొందల అంగల దగ్గర మాట స్పష్టంగా ఉంది. మూడొందల దగ్గర ఇంకా తెగుతోంది. ఆ మిగిలిన వంద అంగలు రెండో వెదురుకే దొరికేవి.

"సాల్లే," అన్నాడు నాయుడు. "ఘటం దగ్గరకొచ్చేసరికి ఇనిపిస్తాది."

"కొండల మీద నలుపు సూసేరా బాబూ?"

"నీకు మబ్బన్నా బయ్యమే. ఎల్లు."

వెళ్లేముందు కూర్మయ్య భార్యతో అన్నాడు. "అసిరీ, గెడ దించకు. నాను సెప్పినదాకా దించకు."

"సేతులు పీకేస్తన్నాయి మావా. బేగి రా."

నల్లబండ మీద బంగారమ్మ జముకు పట్టుకుని సిద్ధంగా ఉంది. కూర్మయ్య మైకులో బ్యాటరీలు మార్చాడు.

"పొద్దున్నే కదా కొత్తవి ఏసేవు?" అంది.

"పొద్దుటియి పొద్దుటికే అమ్మా. మైకు అడుగున సెయ్యెట్టకు. దాని నోరు పైన, ఊపిరి కిందన. మాట గాల్లోకి ఎల్లేది అక్కణ్ణుంచే."

"నా మొగుడు కూడా నాకిన్ని సుద్దులు సెప్పలేదు!" అని నవ్వింది.

ఆ నవ్వు సగంలో ఆగింది.

మొదట, ఎగువన ఏట్లో మేస్తున్న మేకలన్నీ ఒక్కసారిగా గట్టెక్కాయి. తరవాత, ఎండలో చల్లటి గాలి కొట్టింది. గాలిలో తడి మట్టి వాసన. ఆ తరవాత శబ్దం. వెయ్యి బళ్లు రాళ్ల మీద దొర్లుతున్నట్టు.

"ఓలమ్మో," అంది బంగారమ్మ. "ఏరు!"

కొండల మీద కురిసిన వాన ఏట్లోకి దిగింది. మలుపు దగ్గర ఎర్రటి గోడలా కనపడుతోంది. దిబ్బ మీద మూడు వేల మందికి ఏమీ తెలీదు. అక్కడ డప్పులు మోగుతున్నాయి.

కూర్మయ్య మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. "ఒకటి, రెండు, మూడు. ఏరొస్తంది. ఇనిపిస్తందా?"

హారన్లలో ముక్కలు ముక్కలుగా గరగర. గుడ్డ ఊగలేదు.

నల్లబండ మీద ఉన్నవాడికి ప్రాణభయం లేదు. కూర్మయ్య కిందకి చూశాడు. నీళ్లంటే భయం. ఏడ్చాడని కూడా అంటారు. ఏడుస్తూనే బండ దిగాడు. గట్టుకీ దిబ్బకీ మధ్య పడమటి పాయ ఇంకా పొడిగా ఉంది. దాన్ని దాటాడు. దిబ్బ వైపు లెక్కపెడుతూ పరిగెత్తాడు. సరిగ్గా వంద అంగలు. ఆగాడు.

"ఒకటి, రెండు, మూడు. ఏరొస్తంది. ఇనిపిస్తందా?"

ఎనిమిది హారన్లూ మోగాయి. డప్పులు ఆగాయి. తెల్లగుడ్డ ఊగింది.

మూడు వేల మంది ఒక్కసారిగా లేచారు. అందరూ పడమటి గట్టు వైపు తిరిగారు. అది ఎనభై అంగలే. తూర్పు గట్టు నూట అరవై. కానీ దిబ్బ పక్కన రెల్లుపొదల అవతల పడమటి పాయలోకే నీళ్లు ముందొస్తున్నాయి. అది దిబ్బ మీదవాళ్లకి కనపడదు. కూర్మయ్యకి కనపడుతోంది.

"పడమటికి ఎల్లకండి! పాయ నిండిపోతంది! తూరుపు గట్టుకి ఎల్లండి!"

ఎప్పుడూ ఎవరికీ వినపడని ఆ పీలగొంతు ఏరంతా నిండింది.

"ఒకటి. పిల్లల్ని ఎత్తుకోండి. రెండు. ముసిలోళ్ల సెయ్యట్టుకోండి. మూడు. తూరుపు గట్టుకి."

వరసకి పదిమంది నడిచినా మూడు వేల మందికి మూడొందల వరసలు. ఆ గొంతు ఆగితే జనం ఎటు తిరుగుతారో ఎవరికీ తెలీదు. పరిగెత్తితే ఊపిరి అందక మాట తెగుతుంది. అందుకని ఆపలేదు, కదల్లేదు.

"ఒకటి. పిల్లల్ని ఎత్తుకోండి."

అతని వెనక పడమటి పాయ నిండింది. ఇక బండకి దారి లేదు.

"రెండు. ముసిలోళ్ల సెయ్యట్టుకోండి."

నీళ్లు మోకాళ్లకొచ్చాయి. తరవాత నడుముకి.

"మూడు. తూరుపు గట్టుకి. అసిరీ, గెడ దించకు."

అసిరమ్మ చేతులు మొద్దుబారాయి. గెడ ఒక పక్కకి వాలింది. హారన్లలో మాట తెగింది. జనంలో కేక లేచింది, కొందరు పడమటికి తిరిగారు. అప్పుడు ఇంకో రెండు చేతులు వచ్చి గెడని పట్టుకున్నాయి. సన్యాసినాయుడివి. గెడ మొదలుని తన కాళ్లతో తొక్కి ఇసకలో దించాడు. ఎత్తిన జెండా పక్కనే.

మాట మళ్లీ వచ్చింది.

చివరి వరస తూర్పు గట్టు ఎక్కింది. దిబ్బ మీద మిగిలింది ఇద్దరే. నీళ్లు గద్దె దాకా వచ్చాయి. కూర్మయ్య రొమ్ముల దాకా మునిగి ఉన్నాడు. మైకుని నడుమ దగ్గర పట్టుకుని, అడుగు తడవకుండా పైకెత్తి మాట్లాడుతున్నాడు.

"అందరూ దాటేరా? ఇనిపిస్తందా?"

నాయుడు తలపాగా విప్పి మూడుసార్లు ఊపాడు.

హారన్లలో ఒక ఊపిరి వినపడింది. పొడుగాటి ఊపిరి.

"అయితే గెడ దించీయ్ అసిరీ. ఎల్లిపో."

"మావా, నువ్వు రా!" అని అరిచింది అసిరమ్మ. ఆమె చేతిలో మైకు లేదు. ఆ మాట అతనికి చేరలేదు.

హారన్లు ఒక్కసారి గుడగుడమన్నాయి. తరవాత నిశ్శబ్దం. కూర్మయ్య జీవితమంతా భయపడిన నిశ్శబ్దం అదే. ఆ రోజు అది మూడు వేల మంది విన్నారు.

నాయుడు అసిరమ్మ చెయ్యి పట్టుకుని తూర్పు గట్టుకి లాక్కొచ్చాడు. పెట్టె పోయింది, హారన్లు పోయాయి. గెడని మాత్రం ఆమె వదల్లేదు.

మూడో రోజు ఏరు మళ్లీ ఇసకైంది. కూర్మయ్య దొరకలేదు. అతను నిలబడిన చోటి నుంచి నల్లబండ దాకా నాయుడు ఒంటరిగా నడిచాడు, లెక్కపెట్టుకుంటూ. వంద అంగలు. రెండో వెదురు పాతనిచ్చి ఉంటే ఆ వంద అంగలూ దిగే పని ఉండేది కాదు. ఆ లెక్క తను పోయేదాకా ఎవరు పలకరించినా చెప్పేవాడు.

అప్పట్నుంచి ఆ పన్నెండు ఊళ్లలో, జెండా కన్నా ముందు రెండు వెదుళ్ల గెడ పాతుతారు. కూర్మయ్య గెడ అంటారు. దాన్ని పండగంతా ఒక ఆడమనిషి పట్టుకునే ఉంటుంది. పాతిన గెడని పట్టుకోవడమెందుకని పిల్లలు అడుగుతారు. ఎవరూ నవ్వరు.

అక్కడ ఖాళీ మైదానంలో మైకు చూసి ఎవరూ ఊరుకోరు. జనం నిండాక మళ్లీ చూడాలి. మైకువాడు "ఇనిపిస్తందా?" అని మూడుసార్లు అడగాలి. అతని పేరు ఏదైనా సరే, జనం ఒకే జవాబు చెబుతారు.

"ఇనిపిస్తంది కూర్మయ్యా."

పండగ అయిపోయాక, చివరి మనిషి గట్టెక్కేదాకా లెక్కపెడతారు. అప్పుడు హారన్లు ఆపేసి, మూడు ఊపిర్ల సేపు అందరూ ఎగువ వైపు చెవి పెడతారు. ఆ మూడు ఊపిర్లలో పసిపిల్లలు కూడా ఏడవరు. ఆపేసిన హారన్లలో గరగర విన్నామని కొందరంటారు. నేను వెళ్లినప్పుడు నాకు గాలి మాత్రమే వినపడింది.

తరవాత ఎవరో ఒక ముసలాయన మెల్లగా అంటాడు.

"అందరూ దాటేరు. గెడ దించీయ్ అసిరీ."

అప్పుడు దించుతారు.