అచ్యుతాంబగారి వంతు

అచ్యుతాంబగారు అర్థశాస్త్రం చెప్పి రిటైరైన అధ్యాపకురాలు. ఆమెను ప్రశ్న అడిగినవాళ్ళకు జవాబుకన్నా ముందు ఏదో ఒక పని తగిలేది. శిష్యుడు తాతాజీ యూరప్ దేశాల మీద పరిశోధన చేస్తున్నాడు. ఒకరోజు వచ్చి, "మేడమ్, అక్కడ కొన్ని దేశాలకు సంపద ఉంది, లంచమూ తక్కువే. కొన్నిటిలో లంచం ఎక్కువ, ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య దూరం ఎక్కువ, పైగా దేశమే బీదది. అసలు ఈ చెడు మొదలయ్యేది ఎక్కడ?" అని అడిగాడు.

"రేపు కళ్ళాసుపత్రికి నాకు తోడు రా," అందావిడ.

ఆసుపత్రి వరండాలో జనం వచ్చిన వరసలోనే బెంచీల మీద కూర్చున్నారు. ఒకరు లోపలికి వెళ్తే మిగతావాళ్ళు కాస్త ముందుకు జరుగుతున్నారు. అందరికన్నా ముందున్న ఎర్రయ్య అనే ముసలాయనకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. భార్య పైడమ్మ చెయ్యి పట్టుకుని ఊరి నుంచి తొలి బస్సుకే వచ్చాడు. ఎదురుగా వరస చివర కూర్చున్న అచ్యుతాంబగారికి పైడమ్మ తన సీసాలోని మజ్జిగ పోసి ఇచ్చింది.

మేడమ్ మోకాళ్ళు రుద్దుకోవడం చూసి తాతాజీ ఉండబట్టలేకపోయాడు. తలుపు దగ్గరి అటెండరు అతనికి తెలిసినవాడే. వెళ్ళి చెవిలో ఒక మాట వేశాడు.

"అచ్యుతాంబగారూ, మీరు రండి!" అని పిలిచాడు అటెండరు.

"నా వంతు రాలేదు బాబూ," అని ఆమె కదల్లేదు. కానీ అప్పటికే జనం లేచారు. ఒకాయన ఎవరికో ఫోన్ చేస్తున్నాడు, ఇంకొకాయన అటెండరు జేబులో నోటు కుక్కుతున్నాడు. కూర్చోండని ఆమె బతిమాలినా ఎవరూ వినలేదు. తోపులాటలో ఎర్రయ్య వెనక గోడ దాకా వెళ్ళిపోయాడు. డాక్టరు బయటికొచ్చి కేకలేసి, ఆ పూటకు తలుపు వేయించేశాడు.

అచ్యుతాంబగారు ఆ దంపతులను తన ఇంటికి తీసుకొచ్చి, మర్నాడు చూపించుకుని వెళ్ళమంది. తాతాజీయే వడ్డించాడు. ఎర్రయ్య కంచం కోసం తడుముకుంటుంటే చెయ్యి పట్టి అన్నం మీద పెట్టాడు. ఆ తర్వాత వంటింట్లోకి వచ్చి, తల దించుకుని, "మీ బాధ చూడలేక చేశాను మేడమ్. చెడ్డ బుద్ధితో కాదు," అన్నాడు.

ఆవిడ అతని భుజం మీద చెయ్యి వేసింది.

"నాకు తెలియదా నాయనా? నా మీద ప్రేమతోనే చేశావు. పైడమ్మకూ మొగుడంటే ప్రేమే. ఆవిడకి అటెండరు తెలీదు, అంతే."