ఒకే తీరు గుల్లలు

"మాస్టారూ, ఈ రెండు నత్తల గుల్లలూ అచ్చు ఒక్కలాగే ఉన్నాయి. అదే దళసరి, అవే గట్లు. ఇంకా నత్తల్ని కోసి లోపల చూడాలా?" అని అడిగింది లూర్దుమేరి.

అది ఆఫ్రికాలో లక్షల ఏళ్ల నాటి సరస్సు. అక్కడి పీతలు పలచని గుల్లల్ని పటపటా చిదిమి తినేస్తాయి. తరతరాలుగా ఏ జాతి నత్తల్లోనైనా దళసరి గుల్లలవే బతికి బట్టకట్టాయి. వాటిలో ఏది దేనికి చుట్టమో తేల్చడానికి ఆచార్య సోమయాజులుగారు ఇద్దరు శిష్యుల్ని వెంటబెట్టుకొచ్చారు. రెండోవాడు దస్తగిరి. అడగ్గానే జవాబు చెప్పడం ఆచార్యులవారి అలవాటు కాదు. "అవతలి గట్టున ఇంకొన్ని ఏరుకొద్దాం, పదండి" అన్నారు.

పడవ నడి సరస్సు చేరేసరికి గాలి తిరిగింది. కొండంత అల లేచి పడవను ఎత్తి కుదేసింది. అడుగు పలక ఫెళ్లున చీలి నీళ్లు ఉబికాయి. పడవవాడు తన భాషలో దేవుణ్ణి పిలుస్తూ చుక్కాని వదలకుండా నిలబడ్డాడు. లూర్దుమేరికి ఈత రాదు. అంచు చెక్కను కరుచుకుని కూర్చుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. నీళ్లు పిక్కల దాకా వచ్చాయి.

దస్తగిరి మొహమూ పాలిపోయింది. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. అలాగే వణుకుతూ చొక్కా విప్పి చీలికలో కుక్కాడు. దాని మీద వీపు ఆనించి, "లూర్దూ, ఆ డబ్బా అందుకో! నీళ్లు తోడు!" అని అరిచాడు.

డబ్బా ఆమె కాలి దగ్గరే ఉంది. ఆమెకు వినపడింది. వేళ్లు మాత్రం చెక్కను వదల్లేదు. అతను మళ్లీ అరిచాడు. వదల్లేదు. చివరికి అతనే వీపు ఎత్తకుండా కాలితో డబ్బా లాక్కుని తోడాడు.

ఎలాగో ఒడ్డు చేరారు. దస్తగిరి ఇసుకలో బోర్లాపడి వాంతి చేసుకున్నాడు. లూర్దుమేరి అతని వైపు చూడలేకపోయింది. "మాస్టారూ, నాకేమైంది?" అంది, ఏడుపు ఆపుకుంటూ.

ఆచార్యులవారు తన అరచేతులు తిప్పి చూసుకున్నారు. చెక్కను పట్టుకున్న చోట రెండూ కమిలిపోయి ఉన్నాయి.

"పడవలో మన ముగ్గురి మొహాలూ ఒకేలా ఉన్నాయి తల్లీ. పద, ఆ నత్తల్ని కోసి లోపల చూద్దాం" అన్నారు.