పంతులమ్మ వదిలేసిన ఐదో వరుస

పొట్టి కథ చెప్పమంటావా? ఎప్పుడూ ఇదే గోల నీది. సరే, పొట్టిగా చెప్పడం వల్ల ఏం జరగబోయిందో ఆ కథే చెప్తాను. దుప్పటి కప్పుకుని ఊఁ కొట్టు.

అనగనగా జొన్నచేల మధ్య ఒక ఊరు. ఆ ఊళ్ళో వేదవల్లి అని ఒక పంతులమ్మ. ఆవిడకి తెలియని సంగతి లేదని అందరికీ గురి. తెలిసిన ప్రతి సంగతినీ పాత పెళ్ళిపత్రికల వెనక వైపు రాసేది. ఆ అట్ట మీద నాలుగు వరుసలే పట్టేవి. ఏనుగుకి నాలుగు వరుసలు, సముద్రానికి నాలుగు వరుసలు, చంద్రుడికీ అంతే. అన్నీ ఒక రేకు పెట్టెలో వేసి బడి అరుగు మీద ఉంచేది. కావలసినవాళ్ళు తీసుకెళ్ళి, చదువుకుని, మళ్ళీ తెచ్చి పెట్టేవాళ్ళు.

ఒకసారి పాతర గురించి రాయాలనుకుంది. పట్నంలో పుట్టిన మనిషి, పాతర ఎలా ఉంటుందో తెలియదు. అప్పుడు ఊళ్ళో అందరికన్నా పెద్దదైన సుంకులవ్వ దగ్గరికి వెళ్ళి అడిగింది. సుంకులవ్వ మొదలుపెడితే ఒక పట్టాన ఆపేది కాదు. పంతులమ్మ అంతా విని ఇలా రాసుకుంది.

"పాతర అంటే గింజలు దాచడానికి నేలలో తవ్విన లోతైన గొయ్యి. ఇంటి ముందు తవ్వుతారు. చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు పోసి, పైన మట్టితో మూస్తారు. కావలసినప్పుడు మూత తీసి, మనిషి దిగి తోడుకోవాలి."

నాలుగు వరుసలూ నిండిపోయాయి. సుంకులవ్వ ఇంకో మాట కూడా చెప్పింది. "దిగేముందు దీపం దించల్ల తల్లీ" అంది. అదేదో పూజ కాబోలు అనుకుంది పంతులమ్మ. చోటు లేదు కదా అని వదిలేసింది.

ఆ మరుసటి ఏడాది వానలు పడలేదు. తిప్పక్క అనే ఆవిడ ఇంట్లో గింజ నిండుకుంది. పోయిన మామగారు ఎప్పుడో పూడ్చిన పాతర ఒకటుంది. ఎలా తెరవాలో తిప్పక్కకీ తెలియదు, మొగుడు ఓబులేసుకీ తెలియదు. సుంకులవ్వని అడిగితే పొద్దు పోతుంది, పక్కన పిల్ల ఆకలని ఏడుస్తోంది. అప్పుడు తిప్పక్క బడి అరుగు మీదికి వెళ్ళి, పాతర అట్ట తీసుకుని బొడ్లో దోపుకుని పోయింది.

ఆ పూటే పంతులమ్మ నిప్పు గురించి రాస్తోంది. మొదటి వరుస రాసింది. రెండో వరుస రాసింది. "గాలి లేని చోట నిప్పు ఆరిపోతుంది, మనిషీ బతకడు" అని మూడో వరుస రాసి, చటుక్కున ఆగిపోయింది.

దీపం! అది పూజ కాదు. లోపల గాలి ఉందో లేదో చూడటానికి. మూసిన గోతిలో గింజలే ఆ గాలంతా తినేస్తాయట.

ఆవిడ గబగబా అరుగు మీదికి పోయింది. పెట్టె బోర్లించి వెతికింది. ఏనుగుంది, సముద్రముంది, పాతర లేదు. "తిప్పక్క పట్టుకపాయె, ఇయ్యాలే తెరుస్తారంట" అన్నారు ఎవరో. కలం అక్కడే పారేసి పరుగెత్తింది.

ముందు చెప్పు తెగింది. వదిలేసి పరుగెత్తింది. ఆ తర్వాత సందు నిండా మేకలు అడ్డం వచ్చాయి. తోసుకుని పోయింది. ఆ తర్వాత తిప్పక్క ఇంటికి చేరింది. తలుపుకి తాళం. ఇంటి ముందు గొయ్యీ లేదు, గియ్యీ లేదు!

"వాళ్ళ పాతర కళ్ళంలో ఉండాది గదమ్మా, ఊరి బయట" అంది పక్కింటావిడ. కొందరు కళ్ళంలో తవ్వుతారని సుంకులవ్వ చెప్పనే చెప్పింది. పంతులమ్మే అదీ కోసేసింది. ఏడుపొచ్చింది ఆవిడకి. ఏడుస్తూనే పరుగెత్తింది.

కళ్ళంలో పాతర మూత తీసి ఉంది. పక్కన బుట్ట పట్టుకుని పిల్ల కూచుంది. ఓబులేసు తాడు పట్టుకున్నాడు. తిప్పక్క నడుముకి తాడు కట్టుకుని గోతిలోకి దిగుతోంది. అప్పటికే తల దాకా దిగిపోయింది.

పంతులమ్మ అరవడానికి కూడా ఆగలేదు. వచ్చి తాడు మీద పడి రెండు చేతులా వెనక్కి లాగింది. ఏమైందో తెలియకపోయినా ఓబులేసు కూడా లాగాడు. తిప్పక్క పైకొచ్చి నేల మీద కూలబడింది. "కండ్లు తిరుగుతాండాయి" అంది.

అప్పుడు కబురంది సుంకులవ్వ దీపం తెచ్చింది. తాడు కట్టి దించారు. మూరెడు లోతు పోగానే ఆరిపోయింది. మళ్ళీ వెలిగించి దించారు, ఆరిపోయింది. మూడోసారీ అంతే.

తిప్పక్క బొడ్లోంచి అట్ట తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. "పంతులమ్మా, దీపం మాట ఇందులో లేదే. అవ్వ నీకు చెప్పలేదా?" అంది.

"చెప్పింది. చోటు చాల్లేదని నేనే వదిలేశాను" అంది పంతులమ్మ, తల వంచుకుని.

తిప్పక్క తిట్టలేదు. ఆ అట్ట పంతులమ్మ చేతిలో పెట్టి, పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. రెండు రోజులు పాతర తెరిచే ఉంచి, దీపం నిలిచి వెలిగాకే దిగింది. ఆ రెండు రోజులూ ఆ ఇంటికి పంతులమ్మే వండి పంపింది. రాత్రుళ్ళు సూదీ దారం పట్టుకుని, ప్రతి అట్టకీ ఇంకో అట్ట కలిపి కుట్టింది.

నాకెలా తెలుసంటావా? బుట్ట పట్టుకుని కూచున్న పిల్లని నేనే. గోతిలోకి దిగిపోతున్నది మా అమ్మ. నాకిన్నేళ్ళొచ్చినా దీపం ఆరితే ఆ తాడే కళ్ళముందు మెదులుతుంది. అందుకని పొట్టిగా చెప్పమని నన్నడక్కు, బంగారం. చెప్పను.

కథేమో కంచికి,
మనమేమో మంచానికి,
దీపమేమో గూటికి,
నిద్రేమో నీ కంటికి.