మూడు వందల పద్దెనిమిదో ఇల్లు

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని విల్లోబెండ్ అనే చిన్న ఊళ్ళో, మనిషిని అడిగి తెలుసుకోవడం కంటే లెక్కగట్టి తెలుసుకోవడమే గొప్ప అనుకునే కోదండపాణి అనే లెక్కల మాస్టారు ఉండేవాడు.

ఎన్నికలు వస్తే చాలు, అతనికి పూనకం వచ్చేది. వయసెంత, చదువెంత, తెల్లవాళ్ళా నల్లవాళ్ళా, చర్చికి వెళతారా లేదా, ఊళ్ళో ఉంటారా పొలాల్లో ఉంటారా అని చూసి, ఏ గుంపు ఎటు మొగ్గుతుందో చెప్పేసేవాడు. రెండుసార్లు అధ్యక్ష ఎన్నికల్లో ఆ కౌంటీ, అంటే ఆ జిల్లా, ఫలితం ముందే చెప్పాడు. రెండుసార్లూ నిజమైంది. ఇంకేముంది, అతన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు.

ఆ ఏడు అధ్యక్షుడి ఓటుతో పాటే ఊరి లైబ్రరీ ఓటు కూడా వచ్చింది. ఇంటిపన్ను కాస్త పెంచడానికి జనం ఒప్పుకుంటే లైబ్రరీ ఉంటుంది, లేకపోతే జనవరిలో మూసేస్తారు. లైబ్రరీ తరఫున ఇల్లిల్లూ తిరిగేవాళ్ళకు నాయకురాలు ఎడ్నా అనే రిటైరైన నర్సు. ఆమె కోదండపాణి దగ్గరికి వచ్చింది.

"పాణి గారూ, మేము తొమ్మిది మందిమి. ఇళ్ళేమో పద్నాలుగు వందలు. రెండు వారాల్లో అన్ని తలుపులూ తట్టలేం. పైగా ఈ లైబ్రరీ ప్రశ్నను ఓటు కాగితానికి వెనకవైపు అచ్చువేశారు. తిప్పి చూడమని చెప్పకపోతే సగం మంది చూడరు. ఎవరికి చెప్పాలో మీరే తేల్చాలి," అంది.

"అదెంత పని! ఇళ్ళ జాబితా ఇవ్వండి. పేర్లూ, వీధులూ తీసేసి వరస నంబర్లు, ఇంట్లోవాళ్ళ వయసూ చదువూ లాంటి వివరాలు మాత్రమే వేయండి. పేరు కనబడితే మొహమాటం వస్తుంది," అన్నాడు కోదండపాణి.

జాబితా వచ్చింది. అతను దాన్ని పట్టికగా వేసుకుని, ఎర్ర కలం పట్టుకుని కూర్చున్నాడు. అరవై దాటి, పిల్లలు ఎదిగి వెళ్ళిపోయిన ఇళ్ళన్నీ బరబరా కొట్టేశాడు. వీళ్ళకు పన్నంటే గిట్టదు, వీళ్ళను కదిలించడమంటే కోరి వ్యతిరేక ఓటు తెచ్చుకోవడమే అని అతని వాదన.

మర్నాడు వంటింట్లో కుళాయి బాగుచేయడానికి రస్ అనే ముసలి ప్లంబరు వచ్చాడు. పెద్ద చదువు లేదు, ఒంటరివాడు. పట్టిక ప్రకారం పన్నుకు బద్ధశత్రువు.

"లైబ్రరీకే వేస్తాను సార్," అన్నాడు రస్. "మా ఆవిడ పోయాక పొద్దున్నే పేపరు చదువుకోవడానికి అక్కడికే పోతున్నాను. అక్కడ నలుగురు పలకరిస్తారు."

కోదండపాణి బుర్ర గోక్కున్నాడు. సాయంత్రం ఎదురైన కాలేజీ ప్రొఫెసరుకు ఇద్దరు చిన్నపిల్లలు. పట్టిక ప్రకారం లైబ్రరీకి ప్రాణమిచ్చే మనిషి. ఆయనేమో, "పుస్తకాలు మా ఇంట్లోనే బోలెడున్నాయి, మళ్ళీ పన్నెందుకు?" అని విసుక్కుని వెళ్ళిపోయాడు.

కోదండపాణి ఇంటికి వచ్చి లెక్క మూడుసార్లు సరిచూశాడు. ఎక్కడా తప్పు లేదు. గోడకేసి చూస్తూ కూర్చుండిపోయాడు.

"ఏమిటండీ, అలా అయిపోయారు?" అంది అతని భార్య వకుళ.

"లెక్క సరిగ్గానే ఉంది వకుళా. మనుషులే ఏదో తేడాగా ఉన్నారు!"

"అయితే ఇంకో నలుగుర్ని అడిగి చూడండి."

"లెక్క ఉండగా అడగడమెందుకు?" అని అతను కసురుకున్నాడు.

వకుళ నవ్వి చెప్పులు వేసుకుంది. అది మంగళవారం. మంగళవారం సాయంత్రాలు ఆమె లైబ్రరీకి వెళ్ళేది. చదవడంలో తడబడే పిల్లలు ఆమె పక్కన కూర్చుని గట్టిగా చదివేవారు, ఆమె ఓపిగ్గా వినేది. కోదండపాణే ఆమెను కారులో దింపాడు. దారంతా పట్టిక గురించే ఆలోచించాడు కానీ ఓటు మాట ఆమెతో ఒక్కటీ అనలేదు.

ఎన్నిక జరిగిన మర్నాడు ఫలితాలు వచ్చాయి. అధ్యక్షుడి ఓటు అతను చెప్పినట్టే, అర శాతం కూడా తేడా లేకుండా పడింది. కోదండపాణి ఎగిరి గంతేశాడు. అంతలో ఎడ్నా ఫోను చేసింది.

"లైబ్రరీకి అటు వెయ్యిన్నూట ఆరు, ఇటు వెయ్యిన్నూట ఆరు. సరిసమానమైతే ఓడినట్టే పాణి గారూ," అంది.

అతనికి ఏమీ అర్థం కాలేదు. అదే కలం, అదే లెక్క. ఒకవైపు గెలిచి ఇంకోవైపు ఎలా ఓడింది?

వకుళ కాఫీ తెచ్చింది. "లైబ్రరీ ఓటు ఎప్పుడండీ? నిన్నటి కాగితంలో లేదే. ఇంకో రోజు పెడతారు కాబోలు అనుకున్నాను," అంది.

కోదండపాణి కప్పు కింద పెట్టేశాడు. "వెనకవైపు ఉంది! నువ్వు తిప్పలేదా?"

"తిప్పాలని నాకెవరు చెప్పారు? ఎదురింటికి ఎవరో వచ్చి మాట్లాడి వెళ్ళారు. మన తలుపు ఎవరూ తట్టలేదు."

అతను ఎడ్నాకు ఫోను చేసి, జాబితాలో తమ ఇంటి నంబరు ఏదని అడిగాడు.

"మూడు వందల పద్దెనిమిది. మీరే కొట్టేశారుగా. మీ ఇంట్లో మీరే చెప్పుకుంటారు కాబోలని మేము రాలేదు," అందామె.

అతను పట్టిక తీశాడు. 'అరవై దాటిన దంపతులు. ఆసియావాళ్ళు. పిల్లలు ఎదిగి వెళ్ళిపోయారు. పన్నుకు వ్యతిరేకం.' దాని మీద ఎర్ర గీత. ఆ ఇంట్లో ఒక ఓటు తనదే. తను లైబ్రరీకే వేశాడు! తన లెక్కకు తనే దొరకలేదు.

వకుళ ఆ గీత మీద వేలు పెట్టింది. "నన్ను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది కదండీ," అంది. ఆమె కళ్ళు నిండాయి. "మంగళవారం ఆ పిల్లలకు ఏం చెప్పను?"

జనవరిలో లైబ్రరీ తలుపుకు తాళం పడింది. ఆ తర్వాత కూడా అతను లెక్కలు కట్టాడు, చాలావరకు నిజమయ్యాయి. కానీ ఏ ఇంటి మీదా మళ్ళీ ఎర్ర గీత గీయలేదు. ముందు వెళ్ళి తలుపు తట్టేవాడు. మంగళవారాలు వకుళతో పాటు తన ఇంటి ముందు గదిలో చిన్న కుర్చీలు వేసి, పిల్లలు తడబడుతూ చదువుతుంటే వినేవాడు.

నీతి: గుంపు ఎటు మొగ్గుతుందో లెక్క చెప్పగలదు, కానీ మనిషి మనసులో ఏముందో ఆ మనిషిని అడిగితేనే తెలుస్తుంది.