గుడ్లదిబ్బ కొర్లమ్మ

రేపు పొద్దున్న లంకకి వెళ్లే పడవ ఎక్కేముందు, రేవులో మీ సంచులన్నీ బోర్లించి దులపమంటారు. జేబులు తిరగేసి చూపించమంటారు. చెప్పుల అడుగులు కూడా కడిగిస్తారు. ఎందుకో పిల్లలూ, మీలో ఎవరైనా చెప్పగలరా?

ప్లాస్టిక్ కోసమా? అదీ ఒక కారణమే. కానీ ప్లాస్టిక్ పుట్టకముందు నుంచీ ఆ రేవులో దులుపుతూనే ఉన్నారు. ఇంకెవరైనా? సరే, దగ్గరికి జరగండి. కాళ్లు ముడుచుకుంటే అందరికీ చోటుంటుంది.

ఏరు ఇప్పుడున్న చోట కాకుండా ఇంకోచోట సముద్రంలో కలిసే రోజుల్లో, మీ తాతకి తాత ఇంకా పుట్టని రోజుల్లో, ఏటి మొగ దగ్గర ఒక పల్లె ఉండేది. మొగ అంటే ఏరు సముద్రంలో పడే చోటు. పల్లెకి ఎదురుగా, నీళ్లలో ఒక లంక. పేరు గుడ్లదిబ్బ. అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

దాని మీద చెట్టు లేదు, ఇల్లు లేదు, బావి లేదు. ఇసక, ఇసక మీద పాకే ఊదాపూల తీగ, గాలి. అంతే. ఏటా చలి తగ్గగానే సముద్రపు పిట్టలు అక్కడ దిగేవి. తెల్లటి రెక్కలు, నల్లటి నెత్తి. అవి గూడు కట్టవు. ఇసకలో చిన్న గుంట చేసి అందులో గుడ్డు పెడతాయి. గుడ్డు రంగూ ఇసక రంగూ ఒకటే. చూస్తూ చూస్తూ తొక్కేస్తాం. అందుకే పెద్దవాళ్లు రెండు మాటలు చెప్పేవారు. పొడి ఇసక పిట్టలది, తడి ఇసక మీదే నడవండి. ఒట్టి చేతులతో వెళ్లండి అనలేదు, ఒట్టి చేతులతో రండి అన్నారు.

పిట్టల మీద అంత శ్రద్ధ ఎందుకంటే, ఆ పల్లెకి అన్నం పెట్టేవి అవే. సముద్రం మీద పిట్టలు గుంపుగా మునకలేస్తున్నాయంటే కింద చేపల మంద ఉన్నట్టు. పిట్టలెటు వెళ్తే పడవలు అటు వెళ్లేవి.

ఆ పల్లెలో కొర్లమ్మ అని ఒకావిడ. పొట్టి మనిషి, మాట తక్కువ. మొగుడు పోయాక ఆవిడకి మిగిలింది ఒక దోనె, ఒక గెడ, సింహాలు అనే కోడలు. దోనె అంటే తాటిమాను తొలిచి చేసిన చిన్న పడవ, గెడ అంటే దాన్ని నెట్టే పొడవాటి కర్ర. ఏడాదికోసారి పల్లె ఆడవాళ్లు గుడ్లదిబ్బ మీద గంగమ్మకి చలిమిడి పెట్టడానికి వెళ్లేవారు. వాళ్లని దాటించేది కొర్లమ్మే.

ఒక ఏడు చేపలు విరగబడి దొరికాయి. ఊరిపెద్ద ఎరకయ్యకి సంబరమైంది. ఎప్పుడూ చిన్న పళ్లెంతో పెట్టే చలిమిడి, ఈసారి మూడు గంపలు చేయించాడు. ఎండకి కారిపోకుండా పైఊరి నుంచి వరిగడ్డి తెప్పించి గంపల్లో చుట్టూ దోపించాడు.

"కొర్లమ్మప్పా, గంపల బరువుకి నీ దోనె మునిగిపోద్దేమో," అని ఆడవాళ్లు ఆటపట్టించారు.

"గంపలు బుద్ధిగానే కూచున్నాయి. మీరే కదులుతున్నారు," అంది కొర్లమ్మ.

అప్పుడే మూడో గంపలో గడ్డి కదిలింది. కొర్లమ్మ చూసింది. గాలి అనుకుంది. గెడ వేసింది.

చలిమిడి పెట్టారు, దండం పెట్టారు, తిరిగొచ్చారు. గంగమ్మకి ఇచ్చిన గంప వెనక్కి తేకూడదని ఆ పల్లె కట్టుబాటు. గంపలు అక్కడే ఉండిపోయాయి.

మరుసటి ఏడు పిట్టలు వచ్చాయి, పిల్లలు మాత్రం సగమే ఎగిరాయి. రెండో ఏడు వచ్చాయి, నాలుగైదు పిల్లలే ఎగిరాయి. మూడో ఏడు మూడు రోజులు లంక మీద తిరిగాయి. అరిచాయి. దిగకుండా వెళ్లిపోయాయి.

ఆ ఏడు పడవలు సముద్రంలో ఎటు వెళ్లాలో తెలియక తిరిగాయి. వలలు ఖాళీగా వచ్చేవి. పల్లెలో పసిపిల్లలకి కూడా గంజే.

ఊరంతా కూడింది. ఎవరో గుడ్లు దొంగిలించారన్నారు కొందరు. ఎవరో పొడి ఇసక తొక్కారన్నారు కొందరు. ఎరకయ్య మాత్రం, "గంగమ్మకి మన చలిమిడి చాల్లేదు. ఈసారి ఆరు గంపలు పంపుదాం," అన్నాడు.

కొర్లమ్మ లేచి నిలబడింది. కొంగు ముడి విప్పి నేల మీద పోసింది. గుడ్డు పెంకులు. అంచులన్నీ కొరికి ఉన్నాయి.

"ఒట్టి చేతులతో రావాలన్న మాట తప్పి తెచ్చాను ఇవి. ఎలుక పళ్లు. నా దోనెలోనే దాటింది. గంపలో గడ్డి కదిలింది మామా. నేను చూశాను. గాలి అనుకున్నాను."

"ఎలక్కి ఊరు పస్తులుంటదా?" అన్నాడు ఎరకయ్య.

"ఉంటన్నాం గదా," అంది కొర్లమ్మ.

వెనక నుంచి ఒకడు, "తెచ్చినోళ్లే తీసుకుపోవాల," అన్నాడు. వాడు ఎకసెక్కానికి అన్నాడు. కొర్లమ్మ తల ఊపింది.

మర్నాడే పైఊరి పొలాలకి వెళ్లింది. అక్కడ ఎలుకలు పట్టే చెంగయ్య ఉన్నాడు. అతని దగ్గర మూడు రోజులు కూర్చుని వెదురుబద్దల బోను కట్టడం, వేయించిన వడ్లు ఎర పెట్టడం నేర్చుకుంది. వచ్చేటప్పుడు చెంగయ్య ఒక మాట చెప్పాడు. "నూరు పట్టడం కష్టం కాదమ్మా. ఆఖర్ది పట్టడమే కష్టం. అది అన్నీ చూసేసి ఉంటది."

కొర్లమ్మ బోనులు, రెండు కుండల నీళ్లు తీసుకుని గుడ్లదిబ్బకి దాటింది. నీటి అంచున తాటాకుల పాక వేసుకుంది. మూడు రోజులకోసారి సింహాలు నీళ్లూ గంజీ తెచ్చేది.

ఆవిడ పని చేసిన తీరు వినండి, ఇది ముఖ్యం. సాయంత్రం తాటాకుతో ఇసకంతా చిమ్మేది. పలకలా నున్నగా అయ్యేదాకా చిమ్మేది. పొద్దున్నే వంగి ఆ పలక చదివేది. ఎక్కడ చిన్న చిన్న కాళ్ల గుర్తులుంటే అక్కడ బోను పెట్టేది. చిమ్మేది, చదివేది, బోను పెట్టేది.

మొదటి ఏడు పలక నిండా గుర్తులే. రెండో ఏడు అక్కడొకటి, ఇక్కడొకటి. మూడో ఏడు ఒక్క ఎలుక గుర్తులే మిగిలాయి. అది బోను చుట్టూ తిరిగి వెళ్లిపోయేది. లోపలికి వెళ్లేది కాదు.

ఆ వానాకాలం కొర్లమ్మకి జ్వరం పట్టుకుంది. సింహాలు ఎరకయ్యని వెంటబెట్టుకుని వచ్చింది.

"అత్తా, ఇంటికి రా. ఒళ్లు కాలిపోతంది."

"ఇంకోటి ఉందే."

"ఒక్కటే గదా కొర్లమ్మా," అన్నాడు ఎరకయ్య. "పోనీ, అది ఒక్కటే ఏం చేస్తది?"

"మొదట దాటింది కూడా ఒక్కటే మామా. కడుపుతో దాటింది."

బతిమాలారు, తిట్టారు. ఆవిడ కదల్లేదు. కుండలు దింపి వెళ్లిపోయారు.

కొర్లమ్మ అప్పుడు బోను ఎక్కుపెట్టడం మానేసింది. తలుపు తెరిచి కట్టేసి, రోజూ లోపల పిడికెడు వడ్లు పోసేది. మొదటి రోజు ఎలుక గడప దగ్గరి గింజలు తింది. మూడో రోజు తల పెట్టింది. తొమ్మిదో రోజు లోపల కూర్చుని తింది. పదో రోజు కొర్లమ్మ తలుపు కట్టు విప్పింది.

పడింది. అయినా ఆవిడ ఇంటికి రాలేదు. ఎందుకు రాలేదు, లాస్యా? అవును. ఇంకోటి లేదని తెలియాలి కదా. లెక్క చేశాక సరిచూసుకుంటాం, అలాగ. చిమ్మింది, చదివింది. చిమ్మింది, చదివింది.

మూడో రోజు సింహాలు వచ్చేసరికి కొర్లమ్మ తడి ఇసక మీద పక్కకి ఒరిగి ఉంది. ఒళ్లు చల్లబడింది. చేతిలో తాటాకు అలాగే ఉంది. లంక ఈ కొస నుంచి ఆ కొసదాకా చిమ్మి ఉంది. సింహాలు ముందు ఏడవలేదు. ముందు వంగి ఇసక చదివింది. ఒక్క గుర్తు కూడా లేదు. అప్పుడు ఏడ్చింది.

పల్లె కదిలి వచ్చింది. ఎరకయ్యకి దుఃఖం ఆగలేదు. "ఇక్కడే మట్టి చేద్దాం. పైన గుడి కడదాం. ఏటా జాతర చేద్దాం," అన్నాడు.

సింహాలు అత్త ముందు అడ్డంగా నిలబడింది. "గుడి కడితే దీపం పెట్టాల మామా. దీపం పెడితే ప్రసాదం పెట్టాల. ప్రసాదం వెనకాల మళ్లీ అదే వస్తది. మా అత్తని నేను ఇంటికి తీసుకుపోతాను. పాక పీకండి, బోనులు పడవలో వెయ్యండి, కుండలు మరిచిపోకండి. మీ అడుగులు కూడా ఉండకూడదు."

ఎరకయ్య ముందు తను వంగి పాక గుంజ పీకాడు. అందరూ తడి ఇసక మీదుగా నడిచి పడవ ఎక్కారు. పోటు వచ్చి వాళ్ల అడుగులు చెరిపేసింది.

అందుకే గుడ్లదిబ్బ మీద కొర్లమ్మకి గుడి లేదు. రాయి లేదు, పేరు రాసిన పలక లేదు. ఇప్పుడు ఆ లంకని కాపాడే అటవీశాఖ వాళ్లు పిట్టలు గుడ్లు పెట్టే నెలల్లో ఎవర్నీ దిగనివ్వరు. మిగతా నెలల్లో వెళ్లేవాళ్లు రేవులో సంచి బోర్లిస్తారు, కొంగు దులుపుకుంటారు. గెడ వేసేముందు పడవ మనిషి అడుగుతాడు, "కదిలిందా?" అని. ఎక్కినవాళ్లంతా తమ మూటలు తాము తడిమి చూసుకుని, "కదల్లేదు" అనాలి. ఒక్కళ్లు అనకపోయినా పడవ కదలదు. రేపు మిమ్మల్నీ అడుగుతాడు. చూడకుండా చెప్పకండి.

ఆ పల్లెలో ఆడవాళ్లు ఎవరైనా పని చేసి, అయిపోయిందో లేదో ఇంకోసారి చూసుకుంటే, కొర్లమ్మ చూపు చూశావు అంటారు. అంతకంటే పెద్ద మెప్పు వాళ్లకి తెలీదు.

ఏంటి లాస్యా? పిట్టలా? వచ్చాయి. ఆ ఏడు రాలేదు. తర్వాతి ఏడు మూడు దిగాయి. ఆ పైఏడు ఆకాశం తెల్లబడేటట్టు దిగాయి.

ఆవిడా? లేదమ్మా. ఆవిడ చూడలేదు.

ఇంక లేవండి, ఎవరి సంచి వాళ్లు దులుపుకోండి. నేను వెళ్తాను. మీ కూరకి చిక్కుడుకాయలు సగమే ఒలిచాను.