చుక్కాని పట్టే రోజు

ఒక ఊరు పడవ మీద ఉంది. ఆ పడవ ఎప్పుడు బయల్దేరిందో ఎవరికీ తెలియదు. చుట్టూ ఎప్పుడూ మంచు. అందులోంచి అప్పుడప్పుడు పక్షి రెక్కల చప్పుడు వినిపించేది. పక్షి మాత్రం కనిపించేది కాదు. పడవ నిద్రలో నడుస్తున్నట్టు సాగేది.

ఆ మంచులో ఎడమవైపు ఒక కొండ ఉందని సగం ఇళ్ళవాళ్ళు నమ్మేవాళ్ళు. లేదు, కుడివైపు ఉందని మిగతా సగం. పొద్దున్నే లేచి ఎవరి కొండకు వాళ్ళు దండం పెట్టుకునేవాళ్ళు. ఏ ఇంట్లో పుడితే ఆ ఇంటి కొండే పిల్లలది. పెద్దల మాట చద్దిమూట అంటారు కదా. ఆ మూట విప్పి చూసినవాళ్ళు మాత్రం పడవలో లేరు.

అయిదేళ్ళకొకసారి చుక్కాని పట్టే రోజు వచ్చేది. పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతివాళ్ళూ వరసగా నిలబడి, తాటిమానంత చుక్కానిని రెండు చేతులా పట్టుకుని, తమకు కావలసిన వైపు బలం పెట్టాలి. ఎటు బలం ఎక్కువైతే పడవ అటు తిరుగుతుంది. ఆ కాసేపూ అందరూ కళ్ళు మూసుకోవాలి. ఎవరు ఎటు పట్టారో మరొకరికి తెలియకూడదని ఆచారం. నిజానికి ఏ ఇంటివాళ్ళో తెలిస్తే చాలు, అంతా తెలిసినట్టే.

ఎడమకొండ ఇంట్లో ఒక పిల్లకి ఆ ఏడు పద్దెనిమిది నిండాయి. తల్లీతండ్రీ లేని ఆమెను అవ్వ పెంచింది. రోజూ పొద్దున అవ్వ మంచులోకి వేలు చూపించి, "కనిపిస్తోందా తల్లీ?" అనేది.

"కనిపిస్తోందవ్వా" అనేది పిల్ల. ఆమెకు ఏనాడూ మంచు తప్ప ఏమీ కనిపించలేదు. అవ్వతో అబద్ధమాడుతున్నందుకు లోలోపల కుమిలిపోయేది.

కుడికొండ ఇంటి కుర్రాడు ఆమె ఈడువాడే. నీళ్ళు తోడుకునే చోట అతన్ని అడిగింది.

"నీకు మీ కొండ కనిపిస్తుందా?"

"మా నాన్నకి కనిపిస్తుంది."

"కనిపిస్తుందని ఆయన చెప్పాడా?"

"వాళ్ళ నాన్నకి కనిపించేదని చెప్పాడు."

పిల్ల నవ్వింది. కడవలోంచి దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేసింది. కిందటిసారి పడవ ఎడమకి తిరిగినప్పటినుంచి నీళ్ళు రోజురోజుకీ ఉప్పనవుతున్నాయి. చంటిపిల్లలు తాగలేక ఏడుస్తున్నారు.

ఇంటికి వెళ్ళి అంది: "ఈసారి పడవని కుడికి తిప్పితేనో అవ్వా? నీళ్ళు నోట పెట్టుకునేలా లేవు."

"ఉప్పు కొండ పెట్టే పరీక్షే. మనం తట్టుకోవాలి."

"మరి పులుసులో ఉప్పెయ్యడం ఎందుకు మానేశావు?"

అవ్వ గరిటె పక్కన పెట్టింది. "కుడికి పట్టావని తెలిస్తే నువ్వు మనదానివి కాదంటారే. అప్పుడు నా పక్కన ఎవరు నిలబడతారు?"

పిల్లకి ఏడుపొచ్చింది. కుడికొండ మీద ఆమెకేం మోజు లేదు. ఆమెకు మంచినీళ్ళు కావాలి, అవ్వా కావాలి.

ఆ రోజు రానే వచ్చింది. పిల్ల అవ్వ పక్కనే నిలబడి చుక్కాని పట్టుకుంది. గంట మోగింది. అందరూ కళ్ళు మూసుకున్నారు. పిల్ల ఉండబట్టలేక కళ్ళు తెరిచింది.

అవ్వ కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆమె పిల్లనే చూస్తోంది.

చూపు కాస్త దించి మణికట్టు చూస్తే చాలు, అవ్వ ఎటు బలం పెడుతోందో పిల్లకి తెలిసిపోయేది. పిల్ల సంగతి అవ్వకీ తెలిసిపోయేది. ఇద్దరిలో ఎవరూ చూపు దించలేదు. ముందు అవ్వ కళ్ళు మూసుకుంది. తర్వాత పిల్ల మూసుకుని, ఉన్న బలమంతా కుడికి పెట్టింది.

ఒక్క పిల్ల బలానికి కదలవలసినదానికంటే చుక్కాని ఎక్కువే కదిలింది. పడవ మెల్లగా కుడికి తిరిగింది.

కుడికొండవాళ్ళు పొంగిపోయారు. ఎడమకొండవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "మనలో ఎవరు?" అని గుసగుసలు బయల్దేరాయి.

అవ్వ అరచేతులు కొంగుకు తుడుచుకుంది. రెండూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"మన కొండే పడవని అటు తిప్పుకుని ఉంటుందిలే" అంది అందరికీ వినపడేలా. "పద తల్లీ."